సుంకి ఘాట్‌లో చుక్కలు చూపించిన రబ్బరు మ్యాటు

"దీనికి మేకు కూడా అక్కర్లేదు, బరువుకే పడుంటుంది" అని కొట్టాయన చెబితే నమ్మాను. నమ్మడమే కాదు, మూడేళ్లుగా ఒడిశా జైపూర్‌లో మా షెడ్డుకు వచ్చిన ప్రతివాళ్లకీ అదే మాట అప్పజెప్పాను. రబ్బరు మ్యాటు 12 మి.మీ. మందం, 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, ఇద్దరం పట్టుకున్నా నడుం పట్టేసేంత బరువు. బెంచీ ముందు వేసింది వేసినట్టే ఉంది, సాయంత్రానికి మోకాళ్ల నొప్పి లేదు. (డీజిల్ డబ్బా పెట్టే మూల మాత్రం పీల్చుకుని బొబ్బలా ఉబ్బింది, అది వేరే సంగతి.)

అసలు గొడవ అలాంటి మ్యాటులోంచి కోసిన ముక్కతో వచ్చింది. పికప్ క్యాబిన్‌లో డ్రైవర్ కాళ్ల కింద వేద్దామని కోశాను. మొదట గ్రైండర్ పెడితే పొగ, కంపు, అంచు కాలి జిగటజిగటగా తయారైంది. తర్వాత కింద చెక్క పెట్టి, పైన ఇనప యాంగిల్ ముక్క ఆనించి, కొత్త కట్టర్ బ్లేడును సబ్బు నీళ్లలో ముంచుతూ ఒకే గీత మీద నాలుగైదు సార్లు లాగాను. సగం తెగాక మడత పెడితే గాటు నోరు తెరుస్తుంది, అప్పుడిక వెన్నే. ఎంత బాగా కుదిరిందో అని ఫోటో కూడా తీసుకున్నాను.

మొన్న వానల్లో విజయనగరం వెళ్తూ సుంకి ఊరు దాటి ఘాట్ రోడ్డులో సాలూరు వైపు దిగుతున్నాం. మలుపు ముందు కాలు తీసేశాను, బండి తగ్గదే! ఇంజను గుర్రుమంటోంది. పక్కన బావమరిది "బావా, ఏంటా రేజింగు? తగ్గించు!" అంటాడు. నేనెక్కడ ఇస్తున్నాను? తాళం తిప్పేద్దామనిపించింది గానీ ఇంజను ఆగితే బ్రేకు రాయిలా బిగుసుకుంటుంది, స్టీరింగూ అంతే. క్లచ్ తొక్కి, న్యూట్రల్ చేసి, ఇంజను అరుస్తుండగానే బ్రేకు మీద నిలబడి కొండవైపు ఆపాను. వంగి చూస్తే మ్యాటు ముందుకు జరిగి, దాని అంచు యాక్సిలరేటర్ మీదికెక్కి కూర్చుంది. చేతుల వణుకు తగ్గడానికి అరగంట పట్టింది.

బరువుకే పడుంటుందన్నది పూర్తి మ్యాటు మాట. ఎనిమిదో వంతు కోస్తే బరువూ ఎనిమిదో వంతే కదా, నాలుగైదు కేజీలు, పైగా బూట్ల బురద నీళ్లు కిందికి చేరాయి. ఆ ఇంగితం నాకు అప్పుడు లేకపోయింది. ఇప్పుడు క్యాబిన్‌లో బండితో వచ్చిన పల్చటి మ్యాటే, కొక్కేలకు తగిలించి.

వెనక ట్రాలీలో పరిచిన నిండు మ్యాటును కూడా నమ్మడం మానేసి ఆరు చోట్ల బోల్టులు వేశాను. రబ్బరుకు డ్రిల్లు వద్దు, చీరుకుపోతుంది, పడిన రంధ్రం కూడా మళ్లీ మూసుకుపోతుంది. పైపు ముక్క అంచు పదును పెట్టి చెక్క మీద సుత్తితో కొడితే గుండ్రంగా ఊడొస్తుంది. వాషర్ వెడల్పుది వేయాలి, లేదంటే బోల్టు తల రబ్బరులోంచి దూరి వచ్చేస్తుంది. రెండు నెలలకోసారి విప్పి కింద తుప్పు చూసుకోక తప్పడం లేదు, మా కోరాపుట్ వానలు అలాంటివి.

మళ్లీ కొంటానా అంటే షెడ్డుకైతే కొంటాను. ట్రాలీకి మాత్రం, నేను గేర్‌బాక్సులు మోస్తాను కాబట్టి సరిపోయింది గానీ, కూరగాయల బుట్టలు వేసుకునేవాళ్లకు ఈ బరువు ఎందుకో నాకైతే తెలియదు.