ఆర్టికల్స్ ఆఫ్ కాన్ఫెడరేషన్, అమెరికా రాజ్యాంగం: రెండు ఏర్పాట్ల పోలిక

బ్రిటన్ నుంచి విడివడిన 13 రాష్ట్రాలు 1781లో అమలులోకి తెచ్చుకున్న ఆర్టికల్స్ ఆఫ్ కాన్ఫెడరేషన్‌కూ, 1787లో ఫిలడెల్ఫియాలో రూపొంది 1789లో అమలైన రాజ్యాంగానికీ మధ్య ఉన్న అసలు భేదం, అధికారం ఎవరి నుంచి వస్తుందన్న ప్రశ్నలోనే ఉంది. మొదటిది రాష్ట్రాలు తమలో తాము చేసుకున్న స్నేహ ఒడంబడిక. రెండవది, మన రాజ్యాంగ పీఠికలాగే, ప్రజలమైన మేము అంటూ మొదలవుతుంది.

ఈ తేడా డబ్బు దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. పాత ఏర్పాటులో రాష్ట్రాల ప్రతినిధుల సభ అయిన కాంగ్రెస్‌కు పన్ను వేసే అధికారం లేదు. రాష్ట్రాలను అడగాలి, అవి ఇవ్వకపోతే ఊరుకోవాలి. యుద్ధపు అప్పులు తీర్చేందుకు దిగుమతులపై 5 శాతం సుంకం ప్రతిపాదించినప్పుడు, సవరణకు అన్ని రాష్ట్రాల సమ్మతీ తప్పనిసరి కావడం వల్ల, 1782లో రోడ్ ఐలండ్ తిరస్కరణ ఆ ప్రయత్నానికి అడ్డుగోడ అయింది. కొత్త రాజ్యాంగం పన్నుల అధికారాన్ని కాంగ్రెస్‌కు ఇచ్చింది. సవరణల ఆమోదానికి నాలుగింట మూడు వంతుల రాష్ట్రాలు చాలునంది. పాతదానిలో లేని ప్రత్యేక కార్యనిర్వాహక శాఖ, జాతీయ న్యాయవ్యవస్థ కూడా దీనితోనే వచ్చాయి.

దేశాన్ని నడపడానికి రాజ్యాంగమే మేలైనదనడంలో నాకు సందేహం లేదు. అయినా పాతదాన్ని తేలికగా కొట్టిపారేయడం అన్యాయం. ఒహాయో నదికి ఉత్తరాన ఉన్న భూభాగంలో బానిసత్వాన్ని నిషేధించిన 1787 నాటి నార్త్‌వెస్ట్ ఆర్డినెన్స్ ఆ పాత కాంగ్రెస్ చేసినదే. కొత్త రాజ్యాంగమైతే 1808 వరకు బానిసల దిగుమతిని నిషేధించకుండా కాంగ్రెస్ చేతులు కట్టివేసింది.