ఆరోగ్యలక్ష్మి భోజనం, బాలామృతం: రెండు కాన్పుల తర్వాత నా రివ్యూ

నాకు మొదటి కాన్పు 2019 ఆఖర్ల అయింది, రెండోది 2022ల. రెండుసార్లూ మా ఊరి అంగన్వాడీల పేరు రాయించుకున్న, పిల్లలిద్దరూ అక్కడిచ్చే బాలామృతం పిండి తినే పెరిగిన్రు, చిన్నోడు ఇప్పటికీ అక్కడికే పోతున్నడు. అంటే ఇన్నేండ్ల సంది తిని, తినిపించి చెప్తున్న మాటలే ఇవి.

తెలియనోళ్ల కోసం ముందు కొంచెం చెప్త. తెలంగాణల 2015 జనవరి 1 నుంచి ఆరోగ్యలక్ష్మి పథకం నడుస్తున్నది. కడుపుతో ఉన్నోళ్లకు, కాన్పయినంక ఆరు నెలల దాకా బాలింతలకు రోజూ మధ్యాహ్నం ఒక పూట నిండు భోజనం. అన్నం, ఆకుకూర పప్పు లేకపోతే సాంబారు, ఉడకబెట్టిన గుడ్డు, 200 ఎంఎల్ పాలు, తిన్నంక ఐరన్ గోలి. ఇదంత అంగన్వాడీ సెంటర్లనే కూసొని తినాలె, ఇంటికి తెచ్చుకునుడు ఉండది. చాలామంది దీనికే ముఖం ముడుస్తరు, ఆ గుడ్డు ఆ పాలు చేతికిస్తే అయిపోవు కదా, దానికోసం ఎండల నడుచుకుంట పోవాల్నా అంటరు. నాకైతే ఈ పథకంల అన్నిటికన్న మంచి సంగతి అదే.

ఎందుకంటే మాది పెద్ద ఇల్లు. అత్తమ్మ, మామ, మరిది, ఆడబిడ్డ పిల్లలు అందరం ఒక్క కాడనే. 2020 మార్చిల లాక్‌డౌన్ పెట్టంగనే సెంటర్లు బందయినయి, నేనేమో అప్పుడు బాలింతను, సరుకులు ఇంటికే తెచ్చిచ్చిన్రు. టీచర్ మేడమ్, ఆయమ్మ ఇద్దరూ మూతికి గుడ్డ కట్టుకొని ఇంటింటికీ తిరిగిన్రు, వాళ్లకు చేతులెత్తి దండం పెట్టాలె. కానీ ఇంటికొచ్చిన సరుకు నా ఒక్కదాని కడుపులకు ఎట్ల పోతది చెప్పండ్రి? పాల ప్యాకెట్ కోస్తే ముందు అందరికీ చాయ్ అయితది, మిగిలింది తోడు పెడతం. గుడ్లు పులుసు చేస్తే మొదలు మామకు, మా ఆయనకు, తర్వాత పిల్లలకు, నాకు వచ్చేసరికి పులుసే. ఎవ్వరూ కావాలని చేసింది కాదు, మా అత్తమ్మ నన్ను ఒక్క మాట అనదు, కానీ ఇంటెడు మంది ఉండంగ కోడలు తన గుడ్డు తను పక్కకు పెట్టుకొని తింటదా మన ఇండ్లల్ల? అదే సెంటర్ల అయితే ఆయమ్మ గుడ్డు పొట్టు తీసి పళ్లెంల పెట్టి "తిన్నంకనే లెవ్వు బిడ్డా" అంటది. పక్కన ఇంకా నలుగురు కడుపుతో ఉన్నోళ్లు కూసుంటరు, కాళ్ల వాపులు, పుల్లటి తేన్పులు, డాక్టర్ ఏం చెప్పిండు, అన్నీ ఆడనే మాట్లాడుకుంటం. ఆ గంటసేపు ఎవ్వరూ పని చెప్పరు.

ఆంధ్రల ఉన్న మా చిన్నమ్మ బిడ్డకు కిట్ ఇంటికే ఇచ్చిన్రు, బియ్యం, గోధుమపిండి, రాగిపిండి, అటుకులు, బెల్లం, పల్లీ చిక్కీ, ఖర్జూరం, గుడ్లు, పాలు, చూస్తే సరుకు మాకంటె ఎక్కువ రకాలే. నడిచే పని తప్పింది, అది మంచిదే. కానీ ఆ చిక్కీలు ఎవరు తిన్నరే అని అడిగితే అది కూడా నవ్వి ఊకున్నది.

ఐరన్ గోలి గురించి ఒక మాట. ఇంటికిస్తే సగంమంది వేసుకోరు, వాంతికొచ్చినట్టు అయితది, మోషన్ నల్లగ వస్తది, భయపడి ఆపేస్తరు. నల్లగ వచ్చుడు మామూలే. సెంటర్ల అన్నం తిన్నంక మేడమ్ ముందటనే మింగాలె కాబట్టి నాకు తప్పలేదు. గోలి వేసుకున్న వెంటనే చాయ్ తాగితే ఐరన్ ఒంటికి సరిగ పట్టదు, అది కూడా అక్కడే తెలిసింది. మొదటిసారి ఎనిమిదిన్నర ఉన్న రక్తం కాన్పు నాటికి పదకొండు దగ్గరికొచ్చింది.

ఇగ బాలామృతం. ఏడో నెల నుంచి మూడేండ్ల దాకా నెలకు రెండున్నర కిలోల ప్యాకెట్, దాంతోపాటు 16 గుడ్లు. వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపిన పిండి అది. వేడి నీళ్లు కొంచెం కొంచెం పోసుకుంట కలపాలె, ఒక్కసారే పోస్తే ఉండలు కట్టి పిల్లలు ఉమ్మేస్తరు. మా పెద్దది చెంచాలు చెంచాలు తిన్నది, చిన్నోడు అసలు ముట్టకపోతుండె, నెయ్యితోని లడ్డూలు చేసి పెడితే తిన్నడు. చక్కెర కొంచెం తగ్గించి రాగులో జొన్నలో కలిపితే ఇంకా మంచిగుంటది అని నా అభిప్రాయం, తీపికి అలవాటైతే పప్పన్నం పెట్టుడు కష్టమైతది. ప్యాకెట్ విప్పినంక డబ్బాల పోసి గట్టిగ మూత పెట్టండ్రి, వానాకాలం పురుగు పడతది.

దీనికంటె పనికొచ్చింది పిల్లల బరువు, జబ్బ కొలత చూసుడు. చిన్నోనికి ఏడాది దాటినంక జ్వరాలు పట్టుకొని చిక్కిపోయిండు, ఇంట్ల అందరూ పిలగాళ్లు గంతే అన్నరు. సెంటర్ల జబ్బకు రంగుల టేపు చుట్టి చూస్తే పసుపుల వచ్చింది. 12.5 సెంటీమీటర్ల కంటె తక్కువుంటే పసుపు, 11.5 కంటె కిందికి పోతే ఎరుపు, ఎరుపంటే దవాఖానకే. ఆ రోజు నుంచి మేడమ్ రోజుకిన్ని సార్లు పెట్టు, అన్నంల నూనె చెంచా వెయ్యి అని చెప్పి ప్రతి వారం పిలిచి చూసింది, కొన్ని నెలలకు ఆకుపచ్చలకొచ్చిండు. మా కండ్లకు కనబడనిది ఆ టేపు పట్టుకున్నది.

బాగలేనివి కూడా ఉన్నయి. పాలు ఒక్కో నెల ఆలస్యంగ వస్తయి, గుడ్లు ఒక్కోసారి మరీ చిన్నగుంటయి. ఫోన్ల ఎక్కించేటందుకు మాకు ఫొటోలు, ఓటీపీలు, సిగ్నల్ లేకపోతే నిలబడుడు, పాపం మేడమ్‌కు పిల్లలతోని ఉండే టైం ఫోన్‌కే పోతున్నది. 2023 సెప్టెంబర్‌ల జీతాల కోసం టీచర్లు, ఆయాలు సమ్మె చేస్తే కొన్ని రోజులు మాకు భోజనం లేకుండె, అయినా నాకు కోపం రాలే. అప్పుడు టీచర్‌కు 13,650, ఆయమ్మకు 7,800. ఇంత పని చేసేటోళ్లకు అది ఎట్ల సరిపోతది?

అన్నిటికన్న పెద్ద లోటు కూలికి పోయేటోళ్లకు. నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు పొద్దుగాలనే ఆటో ఎక్కి పోతరు, మధ్యాహ్నం సెంటర్‌కు ఎట్లొస్తరు? అసలు తిండి అవసరమున్నది వాళ్లకే. ఆ సీజన్ల పొద్దుగాల వండి టిఫిన్ గిన్నెల కట్టియ్యాలె అని నేను గ్రామసభల కూడా అడిగిన. పచ్చి సరుకు ఇల్లందరిది అయితది, వండిన గిన్నె చేన్ల ఆమెనే తింటది.

రేషన్ కార్డు లేదని ఆగకండ్రి, ఇది 2013 ఆహార భద్రత చట్టంల రాసిన హక్కు. నన్ను ఆధార్, తల్లీబిడ్డల కార్డు, ఈ రెండే అడిగిన్రు. కాన్పుకు అమ్మగారింటికి పోతే అక్కడి సెంటర్ల రాయించుకోవచ్చు, పోయేముందు ఇక్కడి మేడమ్‌కు చెప్పండ్రి. ఇంకొకటి, మూడో నెల పడేదాకా ఎవ్వరికీ చెప్పొద్దు, దిష్టి తగులుతదని పెద్దోళ్లు ఆపుతరు. ఊరందరికీ చెప్పకున్నా సరే, టీచర్‌కు ఒక్కదానికి మాత్రం నెల తప్పంగనే చెప్పి పేరు రాయించుకోండ్రి.