మొదటి ఫోను నాన్నకు కూడా చేసే డే కేర్

మియాపూర్ మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఈ డే కేర్‌లో మా పాపను చేర్చి ఎనిమిది నెలలైంది. పాపకు రెండున్నరేళ్లు. నేను బ్యాంకులో క్యాష్ కౌంటర్ చూస్తాను, మా ఆయనది మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం.

అంతకుముందు వేరేచోట ఉంచాం. అక్కడ డైపర్లు అయిపోయినా, పాప అన్నం తినకపోయినా నాకే ఫోను. కౌంటర్ ముందు జనం వరుసలో ఉండగా నోట్లకట్ట సగంలో ఆపి మాట్లాడేదాన్ని. మళ్లీ మొదటి నుంచి లెక్క. సాయంత్రం ఇంట్లో ఎవరు పలకరించినా కసురుకునేదాన్ని. మా ఆయన ఏ పనీ చేయనని అనలేదు, ఆయన దాకా కబురే వెళ్లేది కాదు.

ఇక్కడ మేడమ్ ఇద్దరినీ రమ్మన్నారు. రెండు నంబర్లూ రాసుకుని, "ఏ వారం ఎవరికి ముందు ఫోను చేయమంటారు?" అని అడిగారు. మేమిద్దరం ముఖాలు చూసుకున్నాం. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు కూడా, ఆఫీసు క్రెష్‌కు రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకునే వీలు తల్లికే రాశారు. తండ్రి ఊసు లేదు.

జూలైలో ఒక మంగళవారం పాపకు 101 జ్వరం వచ్చింది. ఆ వారం వంతు ఆయనది. తీసుకెళ్లి, సిరప్ పట్టి, నిద్రపుచ్చి, నాలుగున్నరకు మెసేజ్ పెట్టారు: "ఇప్పుడు 99. కంగారుపడకు." క్యాష్ లెక్క సరిచూసి అప్పజెప్పాక, భోజనాల గదిలో కూర్చుని ఏడ్చాను. అంత తేలిగ్గా ఊపిరి పీల్చుకుని ఎన్నాళ్లయిందో!

ఆయమ్మ రోజూ నోట్‌బుక్‌లో రాస్తుంది: "పెరుగన్నం సగం. క్యారెట్ ముట్టలేదు. 1:20 నుంచి 2:45 నిద్ర." పాపను తీసుకెళ్లడానికి ఎవరు వస్తే వాళ్లు చదివి సంతకం పెట్టాలి. క్యారెట్ తురిమి పప్పులో కలిపితే తింటుందని కనిపెట్టింది మా ఆయనే.

లోపాలూ ఉన్నాయి. రెండో అంతస్తు, ఆరుబయట ఆడుకునే చోటు లేదు. నెలకు 9,500 రూపాయలు మాకు బరువే. శనివారం ఒంటిగంటకే మూసేస్తారు. రెండో, నాలుగో శనివారాలు తప్ప నాకు బ్యాంకు ఉంటుంది. ఆయన ల్యాబ్ మధ్యాహ్నానికే అయిపోతుంది కాబట్టి సరిపోయింది.

చూడటానికి వెళ్తే ఇద్దరూ కలిసి వెళ్లండి. బిడ్డ ఏ పాటకు నిద్రపోతుందో మేడమ్ ముందుగా నాన్ననే అడుగుతారు.