ఖాళీ గడుల్ని చెప్పకుండా మింగేసే టేబుల్ ఫంక్షన్

డేటా లెక్కలకి వాడే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో సర్వే డేటా చూసేవాళ్లకి టేబుల్ ఫంక్షన్‌ని పరిచయం చేయక్కర్లేదు. కాలమ్ ఇస్తే చాలు, ఏ విలువ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి ముందు పెడుతుంది. ఏళ్ల తరబడి రోజూ వాడుతున్నాను, కొత్తవాళ్లకి మొదట ఇదే చూపించేవాణ్ణి. ఇప్పుడు మాత్రం దీని మీద నాకు గట్టి కోపమే ఉంది. ఖాళీ గడుల్ని, అంటే ఎన్ఏలని, ఒక్క మాటైనా చెప్పకుండా లెక్కలోంచి తీసేస్తుంది.

ఆమధ్య పల్లెల్లో మంచినీళ్ల మీద చేసిన ఇంటింటి సర్వే డేటా మా టీమ్‌కి వచ్చింది. అంకెలు సులువుగా అర్థమయ్యేలా గుండ్రం చేసి చెబుతాను. మొత్తం 1,200 ఇళ్లు. కుళాయిలో రోజూ నీళ్లు వస్తున్నాయా అన్న ప్రశ్నకి అవునంటే 1, కాదంటే 2, తెలీదంటే 8. కుళాయే లేని ఇంటివాళ్లని ఈ ప్రశ్న అడగరు కాబట్టి అక్కడ గడి ఖాళీ. ఆ కాలమ్‌కి టేబుల్ వేస్తే 1 కింద 480, 2 కింద 312, 8 కింద 8 వచ్చాయి. దాన్నే నిష్పత్తుల్లోకి మారిస్తే 1 కింద 0.6. అంటే 60 శాతం ఇళ్లకి రోజూ నీళ్లు!

టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఆ మూడు అంకెల్నీ కాగితం మీద కూడి, "అన్నా, ఇళ్లు 1,200 కదా, ఇక్కడ 800లే ఉన్నాయేంటి?" అని అడిగింది. మిగతా 400 కుళాయి లేని ఇళ్లు. నీళ్ల కోసం నిజంగా అవస్థ పడేది వాళ్లే. వాళ్లని కూడా కలిపితే రోజూ నీళ్లొచ్చే ఇళ్లు 40 శాతమే. 60 అన్నది అబద్ధం కాదు, కుళాయి ఉన్న ఇళ్ల వరకు నిజమే. కానీ అది దేనిలో 60 శాతమో స్క్రీన్ మీద ఎక్కడా లేదు. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు.

అదే ఫైల్లో దీనికి తిరగేసిన వింత కూడా ఉంది. నీళ్లు ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటారు అన్నది కుళాయి లేనివాళ్లని మాత్రమే అడిగే ప్రశ్న. జవాబు మాటల్లో ఉంటుంది: బోరు, చెరువు, ట్యాంకరు. ఫైల్‌ని ఆర్‌లోకి చదివే రీడ్ డాట్ సీఎస్‌వీ అంకెల కాలమ్‌లోని ఖాళీని ఎన్ఏగా మారుస్తుంది, మాటల కాలమ్‌లో మాత్రం ఖాళీ స్ట్రింగ్‌గానే వదిలేస్తుంది. దాంతో ఇక్కడ టేబుల్ ఆ 800 ఇళ్లనీ చూపించింది, పైన ఏ పేరూ లేకుండా. ఒకే రకం ఖాళీ ఒక కాలమ్‌లో మాయమైంది, ఇంకో కాలమ్‌లో అనామకంగా నిలబడింది. ఫైల్ చదివేటప్పుడే, వేటిని ఎన్ఏగా తీసుకోవాలో చెప్పే ఎన్ఏ డాట్ స్ట్రింగ్స్ ఆప్షన్‌లో ఖాళీ కొటేషన్లు కూడా చేరిస్తే రెండూ ఒక్క తీరుకి వస్తాయి.

కొత్తవాళ్లు విసుక్కునేది కూడికలు చేసే సమ్ ఫంక్షన్ మీద. కాలమ్‌లో 1 ఎన్నిసార్లుందో సమ్‌తో అడిగితే, ఒక్క గడి ఖాళీగా ఉన్నా జవాబు ఎన్ఏ అంటుంది. నాకు ఇప్పుడు ఆ మొండితనమే నచ్చుతోంది. ఎన్ఏ డాట్ ఆర్ఎం ట్రూ అని మన చేత్తో రాస్తేనే ముందుకి కదులుతుంది, అంటే ఖాళీల్ని వదిలేయాలని నిర్ణయించింది మనమే. తెలీదు అనే 8 కోడ్ ప్రతి ప్రశ్నలో ఎన్నిసార్లు వచ్చిందో చూడాలంటే, డేటా మొత్తాన్ని 8తో పోల్చి, కాలమ్‌ల వారీగా కూడే కోల్‌సమ్స్‌కి అదే ఎన్ఏ డాట్ ఆర్ఎం ట్రూతో కలిపి ఇస్తే ఒక్క లైనులో అయిపోతుంది. ఆ సుఖం కోసమే ఆర్‌ని వదల్లేదు.

టేబుల్‌కీ మందు ఉంది, హెల్ప్ పేజీలో స్పష్టంగానే రాసి ఉంది. యూజ్‌ఎన్ఏ ఆప్షన్‌కి ఆల్వేజ్ అని ఇవ్వాలి. ఖాళీలు లేకపోయినా ఎన్ఏ కింద 0 అని వేస్తుంది. రిపోర్టులో ఆ సున్నా చూస్తే నాకు టెన్షన్ ఉండదు. నా బాధల్లా అది మొదట్నుంచీ అలా ఎందుకు లేదనే. రెండు కాలమ్‌లని కలిపి టేబుల్ వేస్తే ఇంకా ఘోరం, రెంటిలో ఏ ఒక్కటి ఖాళీ అయినా ఆ ఇల్లు లెక్కలో ఉండదు.

ఆర్‌కి అదనంగా దొరికే డీప్లైర్ ప్యాకేజీలోని కౌంట్ ఫంక్షన్ అడక్కుండానే ఎన్ఏకి వేరే వరుస ఇస్తుంది. అందుకని చాలావరకు దానికే మారాను. పూర్తిగా కాదు. ఊళ్ల పేర్లు ఫ్యాక్టర్‌గా, అంటే ముందే ఖరారైన జాబితాతో ఉన్నప్పుడు ఒక్క ఇల్లూ రాని ఊరిని కౌంట్ మామూలుగా చూపించదు, డాట్ డ్రాప్ ఫాల్స్ అని చెప్పాలి. టేబుల్ అయితే ఆ ఊరి పేరు వేసి కింద 0 పెడుతుంది. ఫీల్డ్ వాళ్లు ఏ ఊరు వదిలేశారో పట్టుకోవడానికి నాకు అదే కావాలి.

నా పనిలో స్కిప్ ప్రశ్నలు, అంటే కొందరిని అడక్కుండా దాటేసేవి, ఎక్కువ, ఖాళీలూ ఎక్కువ, కోపమూ అందుకే. మెషీన్ నుంచి నేరుగా వచ్చే నిండు కాలమ్‌లైతే మీకు ఈ గొడవ ఎప్పటికీ ఎదురు కాకపోవచ్చు. సర్వేల మీద పనిచేసేవాళ్లయితే మాత్రం టేబుల్‌లోని అంకెల మొత్తాన్ని ఒకసారి ఎన్‌రోతో, అంటే డేటాలోని వరుసల సంఖ్యతో, సరిచూసుకున్నాకే శాతాల జోలికి వెళ్లండి.