డ్రాగన్స్ డాగ్మా 2: దారి బంగారం, ఊరు భారం

పెద్ద బడ్జెట్ రోల్‌ప్లేయింగ్ ఆటకు రెండో భాగం వస్తోందంటే ముందు వినబడేది మ్యాపు సైజే. 2022 జూన్‌లో జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ డ్రాగన్స్ డాగ్మా 2ను ప్రకటించింది. 2024 మార్చి 22న ఆట చేతికొచ్చేలోపు జనం నోళ్లలో బాగా నానిన మాట కూడా అదే: 2012 నాటి మొదటి ఆట మ్యాపుకు ఇది దాదాపు నాలుగింతలు. నేల నాలుగింతలైతే అయ్యింది గానీ, అందులో తిరిగే శత్రువుల రకాలు ఆ లెక్కన పెరగలేదు. గోబ్లిన్లు, తోడేళ్లు, హార్పీలు, బల్లిమనుషులు, మధ్యలో ఓ ఓగ్రో సైక్లాప్సో. సగం ఆట దాటేసరికి ఏ మలుపులో ఏం కాచుకుని ఉందో చూడకుండానే చెప్పేయొచ్చు.

అయినా ఆ దారుల్లో కొట్లాట మాత్రం విసుగు రాదు. గ్రిఫిన్ (డేగ తల, సింహం ఒళ్లు ఉన్న జంతువు) మీదికి ఎగబాకి ఈకలు పట్టుకుంటే అది మనతో సహా గాల్లోకి లేస్తుంది. స్టామినా అయిపోతే చేతులు జారి కిందపడతాం, అంత ఎత్తు నుంచి పడితే చావే. రెక్కలకు నిప్పంటించారా, చచ్చినట్టు నేలకు దిగుతుంది. గోలెం (రాతిమనిషి) కథ వేరు. దాని మీద మంత్రాలు పారవు. ఒంటి మీద మెరిసే బిళ్లలను ఒక్కొక్కటే ఆయుధంతో పగలగొట్టాలి, వీపు వైపువి కొట్టాలంటే ఎక్కక తప్పదు. మేజ్, సోర్సరర్ లాంటి మంత్రగాళ్లతోనే జట్టు నింపుకుని పోయినవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. జట్టులో ఆయుధంతో కొట్టే ఒక థీఫో వారియరో ఉండాలి.

పాన్ల (కంప్యూటరే నడిపే మన తోడు యోధుల) పద్ధతి ఈ సిరీస్‌కే సొంతం. మన సొంత పాన్ ఒకటి, వేరే ఆటగాళ్లు తయారుచేసిన పాన్లు రెండు. మన లెవెల్‌వీ అంతకన్నా తక్కువవీ ఉచితం, పై లెవెల్ వాటికి రిఫ్ట్ క్రిస్టల్స్ (ఆటలో చెల్లే ఒక రకం డబ్బు) కట్టాలి. తన యజమాని ఆటలో ఏదైనా క్వెస్టు (ఆట అప్పగించే పని) పూర్తి చేసొచ్చిన పాన్ అయితే ‘నాకు దారి తెలుసు’ అని ముందు నడుస్తుంది. మ్యాపులో బాణం గుర్తుల వెంట పరుగెత్తడం కంటే ఇది ఎన్నో రెట్లు నయం.

పాత ఆట ఆడినవాళ్లకు రెండు లోట్లు కనిపిస్తాయి. స్ట్రైడర్ అనే వొకేషన్ (పాత్ర ఎంచుకునే యుద్ధవిద్య) పోయింది. కత్తులు థీఫ్‌కు, విల్లు ఆర్చర్‌కు పంచేశారు. పైగా ఒకేసారి పెట్టుకోగల ఆయుధ నైపుణ్యాలు నాలుగే. చేతికందే ఎత్తుగడలు తగ్గాయన్నమాటే.

ఇక అసలు రభస అమ్మకాల మీద, పనితీరు మీద. విడుదల రోజునే స్టీమ్‌లో (పీసీ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం) రివ్యూలు ఎర్రబారాయి. అందుకు రెండు కారణాలు. మొదటిది, పూర్తి ధర పెట్టి కొన్న ఆటలో పోర్ట్‌క్రిస్టల్ (చిటికెలో చేరుకునే చోటును గుర్తుపెట్టే రాయి), వేక్‌స్టోన్ (చచ్చినవాళ్లను బతికించే రాయి), ముఖం మార్చుకునే పుస్తకం లాంటివి మళ్లీ డబ్బులకు అమ్మడం. అవన్నీ ఆటలోనే దొరుకుతాయి, ఒక్కటి కూడా కొనక్కర్లేదు. కానీ ఒక చోటి నుంచి ఇంకో చోటికి చిటికెలో చేర్చే ఫెర్రీస్టోన్ ధర ఆటలోనే 10,000 బంగారం పెట్టి ప్రయాణం కష్టం చేసి, పక్కనే ఇలాంటి అంగడి తెరిస్తే అనుమానం రాకుండా ఉంటుందా?

రెండోది పెద్దది. రాజధాని వెర్న్‌వర్త్‌లో అడుగుపెట్టగానే ఫ్రేమ్‌రేట్ (సెకనుకు తెర మీదికి వచ్చే బొమ్మల లెక్క) కూలబడుతుంది. ప్రతి మనిషి కదలికనూ ఆట విడివిడిగా లెక్కేస్తుంది, ఆ భారమంతా సీపీయూ (ప్రాసెసర్) మీదే. గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా కూర్చుంటుంది. అందుకే రిజల్యూషన్ తగ్గించినా, నీడలు మీడియంకు దించినా అడవిలో ఫ్రేములు పెరుగుతాయి గానీ బజారులో పెరగవు. ఊళ్లో జనాన్ని చంపితే ఫ్రేమ్‌రేట్ పెరుగుతోందని కొందరు కనిపెట్టారు కూడా! ఆ తర్వాత 2024లోనే ప్యాచ్‌లతో (సవరణ అప్‌డేట్లతో) కొంత సర్దారు, పూర్తిగా పోలేదు.

అనంతపురం, కర్నూలు, కడప వైపు ల్యాప్‌టాప్ మీద ఆడేవాళ్లకు దీనితో ఇంకో చిక్కుంది. ఏప్రిల్, మే నెలల్లో బయట 40 డిగ్రీలు దాటితే గదిలో గాలే వేడి. సీపీయూని పిండే ఆట కాబట్టి చిప్ కాలిపోకుండా తన వేగం తానే తగ్గించుకుంటుంది, వెర్న్‌వర్త్‌లో 35 ఫ్రేములు కాస్తా 25కు పడతాయి. ముందు ర్యామ్ చూసుకోండి. 16 జీబీ ఒకే స్టిక్‌గా ఉంటే రెండు 8 జీబీ స్టిక్‌లుగా మార్చడం సీపీయూ మీద ఆధారపడే ఆటల్లో తేడా చూపిస్తుంది. తర్వాత ఫ్రేమ్‌రేట్‌ను 30కి కట్టేయండి. 28కీ 45కీ మధ్య ఊగే ఆట కంటే కదలకుండా 30 దగ్గర నిలిచే ఆట కంటికి హాయి. ల్యాప్‌టాప్ వెనకవైపు రెండంగుళాలు ఎత్తు పెట్టండి, పరుపు మీద మాత్రం వద్దప్పా. రే ట్రేసింగ్ (వెలుతురును నిజంలా చూపే సెట్టింగ్) ఆపేయండి. కరెంటు పోయి బ్యాటరీ మీదికి మారితే ఆ స్పీడు ఎలాగూ ఉండదు, సత్రంలో పడుకుని సేవ్ చేసి ఆపేయడమే మేలు.

ఆ సత్రం దగ్గరే ఇంకో గండం. డ్రాగన్స్‌ప్లేగ్ అనే రోగం ముదిరిన పాన్ జట్టులో ఉండగా సత్రంలో పడుకుంటే తెల్లారేసరికి ఊరు ఊరంతా శవాలు. ఆటకు ఉన్నది ఒకే సేవ్ స్లాట్, సత్రం సేవ్ కూడా ఆ నిద్రతోనే మారిపోతుంది, వెనక్కి వెళ్లే దారి ఉండదు. పాన్ తల పట్టుకుంటూ, మాట వినకుండా, కళ్లు ఎర్రగా మెరుస్తూ ఉంటే అదే గుర్తు. అద్దె పాన్ అయితే పంపించేయండి. సొంతదైతే లోతు నీళ్లలోకి విసిరి రిఫ్ట్‌స్టోన్ (పాన్లను పిలిచే రాయి) దగ్గర మళ్లీ పిలవండి, రోగం పోతుంది. ప్యాచ్ వచ్చాక ఇది అరుదైంది గానీ పడుకునే ముందు చూసుకోవడం మంచిది.

ఇంకోటి: మొదటి సీకర్స్ టోకెన్ (ఆటలో అక్కడక్కడా దాచిన, ఏరుకునే బిళ్ల) ఎక్కడ దొరికిందో ఫోన్‌లో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. చాలా గంటల తర్వాత స్ఫింక్స్ అనే జీవి అడిగే పొడుపుకథల్లో ఒకటి సరిగ్గా ఆ చోటికే తిరిగి వెళ్లమంటుంది. అప్పటికి గుర్తున్నవాళ్లు అరుదు.

రెండో భాగమంటే ఎలా ఉండాలో 2025 ఫిబ్రవరి 4న వచ్చిన కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్ 2 చూపించింది. మొదటి భాగం 2018లో బగ్గులతో వచ్చి తిట్లు తిన్నది. రెండోదాంట్లో కుట్టెన్‌బర్గ్ అంతటి జనమున్న పట్టణం పెట్టి కూడా పాత కంప్యూటర్ల మీద ఓ మాదిరిగా నడిపించారు. 24 గంటల్లోనే 10 లక్షల కాపీలు అమ్ముడుపోయాయి. డ్రాగన్ ఏజ్ వీల్‌గార్డ్ (2024 అక్టోబర్ 31) మాత్రం ఆటగాళ్ల సంఖ్యలో అనుకున్నదానిలో సగం దగ్గరే ఆగిందని దాన్ని విడుదల చేసిన ఈఏ కంపెనీ వాళ్లే ఒప్పుకున్నారు. దాని గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

డ్రాగన్స్ డాగ్మా 2 పూర్తి ధరకు వద్దు, స్టీమ్ సేల్‌కు ఆగండి. 100 జీబీ ఎస్‌ఎస్‌డీ ఖాళీ చేసి పెట్టుకోండి. కొన్నాక 14 రోజుల్లో, ఆడిన సమయం 2 గంటల లోపైతే రిఫండ్ అడగొచ్చు. అసలు తలనొప్పంతా రాజధానిలోనే కాబట్టి మొదట్లో పాత్ర ముఖం చెక్కుకుంటూ గంట పోగొట్టకండి. మెల్వ్ అనే పల్లె చేరగానే ఎద్దుబండి ఎక్కి నేరుగా వెర్న్‌వర్త్‌కు పోయి, బజారులో నాలుగు చక్కర్లు కొట్టండి. ఫ్రేమ్‌రేట్ 30 నిలబడితే ఉంచుకోండి, లేకుంటే గడువు దాటకముందే వెనక్కి ఇచ్చేయండి.