సైన్‌పాత్ ఫౌండేషన్ ఉచిత కోడ్ సైనింగ్: సంతకం దొరుకుతుంది, హెచ్చరికలు వెంటనే పోవు

విండోస్ కోసం ఉచిత సాఫ్ట్‌వేర్ రాసి పంచిపెట్టేవారికి డిజిటల్ సంతకం (ఫైలు ఎవరిదో, మధ్యలో ఎవరూ మార్చలేదో తెలిపే ముద్ర) ఖర్చు చాలాకాలంగా మెడకు గుదిబండగానే ఉంది. నోట్‌ప్యాడ్ ప్లస్‌ప్లస్ అనే ఉచిత ఎడిటర్ రూపకర్త డాన్ హో, విరాళంగా అందిన సర్టిఫికెట్ (సంతకానికి కావలసిన గుర్తింపు పత్రం) గడువు తీరాక కొత్తదానికి అంత సొమ్ము పెట్టడం తగదని భావించి, 2019లో 7.6.4 వెర్షన్‌ను సంతకం లేకుండానే విడుదల చేశారు. 2023 జూన్ 1 నుంచి ప్రైవేట్ కీని (సంతకం చేసే రహస్య సంకేతాన్ని) భద్రతా హార్డ్‌వేర్‌లోనే ఉంచాలన్న నిబంధన అమలులోకి రావడంతో, సొంత డబ్బుతో ప్రాజెక్టు నడుపుకునేవారికి ఈ భారం మరింత పెరిగింది. అటువంటివారికి రుసుము లేకుండా సంతకం చేసిపెట్టే సేవ సైన్‌పాత్ ఫౌండేషన్‌ది.

ఈ సేవలో డెవలపర్ చేతికి సర్టిఫికెట్ రాదు. కీ ఫౌండేషన్ అధీనంలోని హార్డ్‌వేర్‌లో ఉంటుంది. బహిరంగ రిపాజిటరీలోని (కోడ్ భాండారంలోని) సోర్స్ కోడ్ నుంచి గిట్‌హబ్ యాక్షన్స్ వంటి, కోడ్‌ను ప్రోగ్రాముగా మార్చే బిల్డ్ వ్యవస్థలో తయారైన ఫైలే సంతకానికి వెళుతుంది. అది నిజంగా ఆ కోడ్ నుంచే వచ్చిందా అని సరిచూసిన తరువాత, ప్రాజెక్టు బాధ్యులలో ఒకరు ప్రతి విడుదలనూ స్వయంగా ఆమోదిస్తేనే సంతకం పడుతుంది. నా దృష్టిలో ఈ సేవకున్న అసలు విలువ ఈ ఏర్పాటే, ముఖ్యంగా కీ డెవలపర్ దగ్గర లేకపోవడం. 2022 డిసెంబరులో గిట్‌హబ్ రిపాజిటరీల నుంచి గిట్‌హబ్ డెస్క్‌టాప్, ఆటమ్ సాఫ్ట్‌వేర్ల సైనింగ్ సర్టిఫికెట్లు (పాస్‌వర్డ్ రక్షణతో ఉన్నవే అయినా) దొంగల పాలయ్యాయి, వాటిని తరువాత రద్దు చేయవలసి వచ్చింది. అంత పెద్ద సంస్థకే తప్పని తలనొప్పి, కీ దగ్గర లేని చిన్న డెవలపర్‌కు ఉండదు.

షరతులు కఠినమే: ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ ఆమోదించిన లైసెన్సు ఉండాలి, యాజమాన్య హక్కుల కోడ్ కలిసి ఉండకూడదు, సభ్యులందరూ బహుళ అంచెల లాగిన్ వాడాలి, సంతకం విధానాన్ని ప్రాజెక్టు పేజీలో ప్రకటించాలి. ఇంట్లోని కంప్యూటర్‌లో చేత్తో బిల్డ్ చేసి జిప్ ఫైలు పెట్టేసే అలవాటున్నవారు ముందు ఆ పద్ధతిని మార్చుకోక తప్పదు.

ఇన్‌స్టాలర్ తెరిచినప్పుడు ప్రచురణకర్త స్థానంలో ప్రాజెక్టు పేరు కాక సైన్‌పాత్ ఫౌండేషన్ పేరే కనిపిస్తుంది. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలు చట్టబద్ధమైన గుర్తింపు అడుగుతాయి, స్వచ్ఛంద ప్రాజెక్టులలో చాలావాటికి అది ఉండదు కాబట్టి ఇది అనివార్యమే. అయినా ఆ పేరు ఎన్నడూ వినని వాడుకరి అనుమానపడితే తప్పుపట్టలేము. డౌన్‌లోడ్ పేజీలో ఒక వాక్యం వివరణ రాయడం మేలు.

ఇక హెచ్చరికల సంగతి. డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లపై హెచ్చరించే విండోస్ రక్షణ స్మార్ట్‌స్క్రీన్ సంతకంతో పాటు ఆ ఫైలుకూ, ఆ ప్రచురణకర్తకూ పోగైన పేరును కూడా లెక్కలోకి తీసుకుంటుంది కనుక, కొత్త విడుదలకు సంతకం ఉన్నా నీలం హెచ్చరిక తెర ఎదురుకావచ్చు. ఒకప్పుడు ఖరీదైన ఈవీ (సంస్థ గుర్తింపును లోతుగా తనిఖీ చేసి ఇచ్చే) సర్టిఫికెట్ కొంటే ఆ తెర వెంటనే తప్పేది, ఇప్పుడు ఆ వెసులుబాటు కూడా లేదు. యాంటీవైరస్ తీర్పు దీనికి వేరు. పైఇన్‌స్టాలర్‌తో (పైథాన్ కోడ్‌ను నేరుగా నడిచే ఫైలుగా కట్టే సాధనంతో) కట్టిన చిన్న పైథాన్ ప్రోగ్రామును విండోస్ యాంటీవైరస్ డిఫెండర్ 'వకాటాక్' అనే మాల్‌వేర్ అని, చివర 'ఎంఎల్' అన్న గుర్తుతో పట్టుకుంటే, అది యంత్రాభ్యాస నమూనా వేసిన అంచనా. మాల్‌వేర్ రచయితలూ అదే పైఇన్‌స్టాలర్‌ను వాడుతుండడంతో అమాయక ప్రోగ్రాములకూ ఆ పోలిక అంటుకుంటోంది. సంతకం ఆ అనుమానాన్ని తగ్గించవచ్చు గాని రద్దు చేయదు. ఫైలును ఆయా యాంటీవైరస్ సంస్థలకు పంపి, పొరపాటు గుర్తింపని ఫిర్యాదు చేసే పని డెవలపర్‌కు మిగిలే ఉంటుంది.

విండోస్ వరకు ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. మ్యాక్ విషయంలో ఇది అక్కరకు రాదు: అక్కడ ఆపిల్ ఇచ్చిన సర్టిఫికెట్, ఆపిల్ చేసే నోటరైజేషన్ (ప్రోగ్రామును పరిశీలించి ఆమోదించడం) మాత్రమే చెల్లుతాయి, వాటికోసం ఏడాదికి 99 డాలర్ల డెవలపర్ సభ్యత్వం విడిగా తీసుకోవాలి.