లోపలి కథకు షార్ట్ ఫిల్మ్: గండికోటలో తీయాలా, కడపలో ఒక గదిలో తీయాలా?

తనలో తాను నలిగిపోయే మనిషి కథ అనగానే మన కుర్రాళ్లకు ముందు గుర్తొచ్చేది గండికోట. నా ఓటు మాత్రం చాలాసార్లు గదికే.

ఖర్చు: గదికి అద్దె, టీ టిఫిన్లు చాలు. గండికోటకైతే జమ్మలమడుగు మీదుగా బండి, భోజనాలు, రాత్రి బస. కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది కాబట్టి ముందే అనుమతి కూడా తీసుకోవాలి.

వెలుతురు: మిట్టమధ్యాహ్నం ఎండలో కనుబొమల నీడ పడి నటుడి కళ్లే కనిపించవు. ఇలాంటి కథకు కళ్లే ప్రాణం. గదిలో కిటికీకి దుప్పటి కట్టి, ఒక ఎల్‌ఈడీ లైటు పెట్టి, ఆ వెలుతురు తిరిగి ముఖం మీద పడేలా ఎదురుగా థర్మోకోల్ షీటు నిలబెడితే పొద్దున తీసిన షాటుకు సాయంత్రం తీసింది చక్కగా అతుకుతుంది.

సౌండ్: పెన్నా లోయ గాలికి మైకులో హోరే. మాటలుంటే డబ్బింగ్ తప్పదు. గదిలో ఫ్యాన్ ఆపితే ఊపిరి కూడా వినిపిస్తుంది.

రిస్క్: లోయ అంచున నటుడిని నిలబెట్టకండి. పాత్రలో మునిగినవాడు కాలి కింద రాయి చూసుకోడు. గదిలో భయం వేరు, చూసేవాళ్లకు విసుగొస్తుంది. అందుకే తలుపు గడియ దాకా వెళ్లి ఆగిపోయే చెయ్యి లాంటి చిన్న చిన్న చేతలు నాలుగు రాసుకున్నాకే కెమెరా తీయండి.

మనిషి ఇరుక్కుపోయిన కథైతే గది. ఇల్లు వదిలి నడిచి ఏదో తేల్చుకునే కథైతే గండికోట, అదీ చలికాలంలో, మాటలు తగ్గించి. డబ్బు తక్కువై రెండూ కావాలంటే అంతా గదిలో తీసి, చివరి షాటుకు మాత్రం కోటకు వెళ్లండి.